అవుటర్లో ఆగని బండి

మా పక్కింటి పిన్నిగారు పోయారని మొన్న పొద్దున ఏలూరు వెళ్లే పాసింజరులో ఉండగా ఫోనొచ్చింది. తాడేపల్లిగూడెం అప్పుడే దాటాం. బండి సరిగ్గా వేళకే నడుస్తోంది. అందుకే మరీ ఏడుపొచ్చింది.

ఆవిడ రైల్వేలో సిగ్నల్ ఇంజనీరు. నేను ఏలూరులో టీచర్ని. సాయంత్రాలు ఇద్దరం ఒకే పెట్టెలో వచ్చేవాళ్లం. మా ఊరు జంక్షన్. పాత కేబిన్లో మనుషులు లీవర్లు లాగి దారులు మార్చేవారు. ఒక బండి పూర్తిగా తప్పుకుంటే గాని ఇంకోదానికి దారి దొరికేది కాదు. అందుకని మా పాసింజరు రోజూ ఊరి బయట, అవుటర్ సిగ్నల్ దగ్గర ఆగిపోయేది. మీరెప్పుడైనా అలా ఆగిన బండిలో కూర్చున్నారా? ఎదురుగా మన డాబా మీద ఆరేసిన చీర కనిపిస్తుంటుంది, ఇల్లు మాత్రం చేరం. ఓపిక పట్టలేక జనం కంకర మీదికి దూకి నడిచిపోయేవారు.

నాకప్పుడు ఏడో నెల. ఒకరోజు నేనూ దిగబోయాను. పిన్నిగారు నా సంచీ లాక్కుని ఒళ్లో పెట్టుకున్నారు.

"ఇల్లు కనిపిస్తోంది కదండీ!"

"కనిపిస్తే చేరినట్టు కాదు తల్లీ. కూర్చో."

అంతలో పక్క లైను మీద గూడ్సు వచ్చింది. దిగినవాళ్లంతా రెండు బండ్ల మధ్య బిక్కచచ్చి నిలబడిపోయారు. అది పోయేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. "వీళ్లని తిట్టి లాభం లేదమ్మా. అసలు బండి ఆగకూడదు," అన్నారు.

తర్వాత జంక్షన్లో ఆ లీవర్లు తీసేసి కరెంటు సిగ్నళ్లు పెట్టే పని ఆవిడ చేతికే వచ్చింది. పని నడిచినన్నాళ్లూ బండ్లు ఇంకా ఆలస్యం. జనం ఆవిడ్ని పెట్టెలోనే నిలదీసేవారు.

"ఏవండీ, బాగు చెయ్యడమంటే ఇదేనా అండీ?"

"ఇల్లు కట్టేటప్పుడు వాకిట్లో ఇసక ఉండదా అండీ?" అని నవ్వేసి, తెచ్చిన జంతికలు పంచేవారు. ఆ జంతికలు రాళ్లే. నోళ్లు మూయించడానికే అలా చేసేవారని నా అనుమానం.

కొత్త సిగ్నళ్లు మొదలైన సాయంత్రం, అలవాటు కొద్దీ జనం సంచులు భుజాన వేసుకుని తలుపుల దగ్గర నిలబడ్డారు. బండి ఆగలేదు. అవుటర్ వెనక్కి పోయింది, మా డాబాలు వెనక్కి పోయాయి. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఒక మనిషి పట్టుదలగా పూనుకుంటే ఇంత పెద్ద పని జరుగుతుందా అని ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆవిడ మాత్రం మేమంతా ప్లాట్‌ఫారం మీద దిగేదాకా కదలకుండా కూర్చున్నారు.

నిన్న ఆవిడ్ని సాగనంపి సమాధుల తోట నుంచి వస్తూ అవుటర్ వైపు వెళ్లాను. ఏళ్ల తరబడి మా కాళ్లు తొక్కి వేసిన బాట అక్కడ ఉండేది. ఎంత వెదికినా దొరకలేదు, అంతా నడుము లోతు గడ్డి. సాయంత్రం పాసింజరు పక్కనుంచే వెళ్లిపోయింది. దాని గాలికి గడ్డి ఒక్కసారి వంగి లేచింది. తలుపుల దగ్గర ఎవరూ లేరు.