రెండో పేజీలో ఇంకొకరి రిపోర్టు

మార్కాపురంలో ఒక వైద్యపరీక్షల ల్యాబుకు వెబ్‌సైటు చేసిపెట్టింది నేనే. పరీక్ష చేయించుకున్నవాళ్ల ఫోనుకు లింకు వెళ్తుంది. నొక్కితే రిపోర్టు తెరుచుకుంటుంది. రెండేళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది.

ఒకరోజు పొద్దున ల్యాబు యజమాని ఫోన్ చేసి వెంటనే రమ్మన్నాడు. వెళ్లేసరికి కొనకనమిట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక రైతు ఇల్లాలు బెంచీ మీద కూర్చుని ఉంది. తన ఫోను నా చేతిలో పెట్టింది.

"మొదటి పేజీ నాదే, షుగరుది. కింద చూడమ్మా."

రెండో పేజీలో మరో స్త్రీ పేరు, వయసు, ఊరు ఉన్నాయి. కళ్లె పరీక్షలో టీబీ ఉన్నట్టు తేలింది.

"ఆమెది మా ఊరే. బడిలో పిల్లలకు అన్నం వండుతది. ఫోన్లో చెప్తే ఇంట్లోవాళ్లు వింటారని బస్సెక్కి వచ్చినా."

అక్కడే లాప్‌టాప్ తెరిచి సర్వరు ఆపేశాను.

"అట్ల ఆపితే ఎట్లమ్మా? గిద్దలూరోళ్లు కూడా ఫోన్లోనే చూసుకుంటున్నారు," అన్నాడు యజమాని.

"వచ్చి కాగితం తీసుకోమని చెప్పన్నా. ఎవరిది ఎవరికి పోతుందో నాకే తెలీదు."

కారణం దొరకడానికి గంట పట్టింది. రిపోర్టులు పంపే పనికి నేను ఎవరో రాసి ఉచితంగా పంచిన కోడ్ లైబ్రరీ ఒకటి వాడుకున్నాను. సిగ్నలు తెగి, ఫోను మిగతా భాగాన్ని మళ్లీ అడిగినప్పుడు, అది అంతకుముందు వేరొకరి రిపోర్టు సిద్ధం చేయడానికి వాడిన మెమరీని తుడవకుండా అందులో మిగిలింది కూడా పంపేస్తోంది. ఆ లోపాన్ని సరిచేసిన కొత్త వెర్షన్ వచ్చిందని మూడు వారాల కిందటే నాకు మెయిల్ వచ్చింది. తీరిగ్గా చూద్దామని వదిలేశాను.

కొత్తది ఎక్కించి, ఎవరికి ఏం వెళ్లిందో సర్వరులో నమోదైన పాత చిట్టాలు వెతికాను. ఇంకో ఇద్దరి రిపోర్టులు కూడా అట్లాగే బయటికి పోయాయి.

"సరిచేసినావు కదా. చెప్పకుంటే ఎవురికి తెలుస్తది?" అన్నాడు యజమాని.

"నాకు తెలిసింది కదయ్యా," అంది బెంచీ మీది ఆమె.

ఆ ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను. ఒకాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. బడిలో వండే ఆమెకు మాత్రం ఫోన్లో చెప్పలేకపోయాను. రైతు ఇల్లాలితో కలిసి బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లాను.

వంటామె అప్పుడే బడి నుంచి వచ్చింది. తన రిపోర్టు ఇంకా తెరిచి చూసుకోలేదు. జబ్బు సంగతి, అది బయటపడిన సంగతి రెండూ ఒక్కసారే నా నోటితో విన్నది.

"ఎవురు చూసినారు?"

నేను తడబడుతుంటే పక్కనున్నామె అంది: "నేనే చూసినా వదినా. నా నోటి నుంచి బయటికి రాదు."

వంటామె నా వైపు తిరిగింది. "నీకు చదువొచ్చని కదా తల్లీ, మావన్నీ నీ చేతిలో పెట్టింది."

మర్నాడే ఆమె తనంతట తానే హెడ్మాస్టరుకు చెప్పి సెలవు పెట్టిందని, ప్రభుత్వాసుపత్రిలో మందులు మొదలుపెట్టిందని తర్వాత తెలిసింది. ఆరు నెలలకు నయమై మళ్లీ వంటలోకి వచ్చింది. మా ల్యాబుకు మాత్రం మళ్లీ రాలేదు.