సముద్రానికి సిఫార్సు ఉత్తరం

మా అమ్మాయి శిరీష బడిలో తాబేళ్ల మీద చార్టు వేసింది. మేము అండమాన్ వెళ్లడానికి అసలు కారణం అదే. తొంభైల మధ్యలో మాట. అప్పుడు ఢిల్లీ జనక్‌పురిలో ఉండేవాళ్లం. దానికి పదకొండేళ్లు, అప్పటిదాకా సముద్రం చూసి ఎరగదు. నాది ప్రభుత్వోద్యోగం, సెలవు ప్రయాణ రాయితీ ఆ ఏడాది వాడుకోకపోతే మురిగిపోతుంది. మా ఇంటి దగ్గర బజార్లో ఒక ట్రావెల్ ఏజెంట్ ఉండేవాడు. అతను నిగనిగలాడే కాగితం మీద, ఇసుకలో గుడ్లు పెడుతున్న తాబేలు బొమ్మ చూపించి, "భాయీ సాబ్, పొద్దున దీవికి వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. బచ్చే ఖుష్ హో జాయేంగే" అని, పిల్లలు సంబరపడిపోతారని ఊరించాడు. ఆ తాబేలు ఏ నెలలో వస్తుందని నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది, సగం అతని మీద, సగం నా మీద.

మా ప్రయాణం తేదీ ఎలా కుదిరిందో చెబితే నవ్వుతారు. ఢిల్లీలో బడులు మే నెల మధ్యలో మూస్తారు. మా ఆవిడ లలిత పంచాంగం చూసి మంచి రోజు పెట్టింది. నేను ఆఫీసులో సెలవు పెట్టాను. బడి, పంచాంగం, ఆఫీసు మూడూ ఒప్పుకున్నాయి. సముద్రాన్ని మాత్రం ఎవరమూ అడగలేదు. కంటోన్మెంట్‌లో ఉండే మా దూరపు బంధువు ఒకాయన నేవీ మనిషి. ఆయన ఫోన్లో చెప్పనే చెప్పాడు, "బావగారూ, మే ఆఖరుకి అక్కడ వానలు దిగిపోతాయి. వెళితే డిసెంబరులో వెళ్లండి" అని. డిసెంబరులో శిరీషకు బడి ఉంటుంది కదా అని నేను విసుక్కున్నాను. ఈ దేశంలో బడి సెలవులు పెట్టేవాళ్లకు ఎండ ఒక్కటే తెలుసు. గాలీ వానా, పక్షీ తాబేలూ ఉంటాయని తెలియదు.

పైగా నా దగ్గర ఇంకో ధీమా ఉంది. ఢిల్లీలో ఉన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గ్యాస్ కనెక్షన్ కావాలన్నా, టెలిఫోన్ కావాలన్నా, బడిలో సీటు కావాలన్నా అక్కడ ముందు వెతికేది ఉత్తరం రాసే మనిషిని. నేనూ మా ఆఫీసులో ఒక పెద్దాయనను పట్టుకుని, "వీరికి దీవుల సందర్శనలో సకల సహకారం అందించవలసినది" అని ముద్ర వేయించిన ఉత్తరం సంపాదించాను. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, బట్టలకంటే భద్రంగా సర్దుకున్నాను.

న్యూఢిల్లీ నుంచి మద్రాసుకు రెండు రాత్రులు రైల్లో, మద్రాసు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు మూడు రోజులు ఓడలో వెళ్లాం. అరల్లాంటి పడకలుండే బంక్ తరగతిలో ఒకటే ఉక్కపోత, చివరి రోజు ఓడ ఊగిన ఊపుకు లలిత పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. అప్పుడైనా నాకు తెలిసి రావలసింది. దిగిన మర్నాడు పొద్దున ఆరున్నరకు బస్సెక్కి, గంటన్నరలో పడవలు బయలుదేరే రేవుకు చేరాం. బస్సు టికెట్లు కొన్ని రూపాయలే. దారి పొడవునా వాన పడుతూనే ఉంది. రేవులో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. టీ కొట్టులో ఒకావిడ తప్ప మనిషి అలికిడి లేదు.

టికెట్లిచ్చే గదిలో గుమాస్తా, "ఈరోజు ఎవరూ వెళ్లడం లేదు సాబ్" అన్నాడు. రేవు మూశారా అని అడిగాను. మూయలేదట. వెళ్లాలా వద్దా అనేది పడవ నడిపేవాళ్ల అంచనాకే వదిలేశారట. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆరు రోజులు కష్టపడి వస్తే ఎవడో పడవవాడికి బద్ధకమని వెనక్కి పోవాలా? "మేము ఢిల్లీ నుంచి వచ్చాం" అని ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాను. ముద్ర చూడగానే గుమాస్తా లేచి నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు చాలా బాగుంది.

అతను పడవ నడిపే అప్పన్నను పిలిపించాడు. అప్పన్నకు యాభై ఏళ్లుంటాయి. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే వచ్చి స్థిరపడ్డాడట. మేము తెలుగువాళ్లమని తెలిసి ముందు నవ్వాడు. తర్వాత మెల్లిగా, "గాలి తిరిగిపోనాది బాబూ. ఇక్కడ నీరు నిమ్మళంగా కనబడతాది గానీ, ఆ కొండ దాటితే అలలు మనవి కావు. మొన్నట్నుంచీ ఎవులూ ఎల్లట్లేదు" అన్నాడు.

"మా పాప తాబేళ్లను చూడాలి" అన్నాను.

"ఇప్పుడేటి తాబేళ్లు! అవి సలికాలంలో వొత్తాయి. అదీ రాత్రేల, సీకట్లో. పగలు మూడింటికి తిరిగొచ్చే పడవెక్కి ఏటి సూత్తారు?"

శిరీషకు అతని మాట సగమే అర్థమైంది. "పాపా, కఛువే నహీఁ హైఁ క్యా?" అని, తాబేళ్లు లేవా నాన్నా అన్నట్టు నా చొక్కా పట్టుకుంది. రెండేళ్లుగా దాచుకున్న సెలవు, ఆరు రోజుల ప్రయాణం, ఇక్కడ తాబేలే లేదు! ఆ ఏజెంటు ఎదురుగా ఉంటే ఆ బొమ్మ కాగితం అతని చేతే నమిలించేవాణ్ని. అతను లేడు కాబట్టి నా కోపం అప్పన్న మీదికి మళ్లింది. "తాబేళ్లు లేకపోతే దీవైనా చూపించు. అంతే గానీ ఊరికే వెనక్కి పోము" అన్నాను.

గుమాస్తా ఉత్తరాన్ని చేత్తో తడుముతూ, "పై నుంచి మాట వచ్చింది అప్పన్నా. నువ్వు వెళ్లకపోతే నీ పడవ పర్మిట్ ఇంక నా చేతిలో ఉండదు" అన్నాడు హిందీలో. అప్పన్న అతని వంక చూశాడు, నా వంక చూశాడు. "ఉత్తరం నాకు సూపించారు బాబూ. సముద్రానికీ సూపించండి" అని పడవ తాడు విప్పడానికి వెళ్లాడు. నేను దాన్ని పొగరు అనుకున్నాను.

లలిత నా మోచెయ్యి గట్టిగా గిల్లింది. "అటు చూడండి" అంది. అప్పన్న టీ కొట్టు ముందు ఆగి, చేతి గడియారం విప్పి టీ కొట్టావిడకు ఇస్తున్నాడు. "ఇది మా ఇంట్లో ఇచ్చీయక్కా. పెళ్లిలో మావయ్య పెట్టిందని తెలుసు కదా, పిల్లోడికి ఉంటాది" అన్నాడు. ఆవిడ గడియారాన్ని కొంగున ముడి వేసుకుంది.

అతను తిరిగి వస్తానో రానో అని గడియారం అప్పగించి వెళుతున్న పడవలోకి, నేను నా భార్యను, కూతుర్ని ఎక్కించబోతున్నాను. తాబేళ్లు కూడా లేని దీవి కోసం! "అప్పన్నా, ఆగు. మేము రావడం లేదు" అని అరిచాను.

అంతటితో అయిపోలేదు. గుమాస్తా ఒప్పుకోలేదు. "ఉత్తరం వచ్చాక పడవ ఎందుకు వెళ్లలేదని రేపు నన్నడుగుతారు సాబ్. రాసివ్వండి" అన్నాడు. కాగితం తీసుకుని, మేమే ఇష్టపూర్వకంగా మానుకున్నామనీ, ఇందులో అప్పన్న తప్పు ఏమీ లేదనీ, అతని పర్మిట్‌కు ఏ ఇబ్బందీ రాకూడదనీ ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నో కాగితాలు రాశాను. ఇంకొకరిని కాపాడటానికి రాసింది అదొక్కటే.

ఏజెంటును నేను ఇప్పటికీ క్షమించలేదు. చలికాలపు బొమ్మను వానాకాలంలో అమ్మినవాణ్ని ఎలా క్షమిస్తాను? కానీ అతను దోచింది మా సెలవు మాత్రమే. నేను నా ఉత్తరంతో ఇంకొకరి ప్రాణం మీదికి తెచ్చాను. మనం పెద్ద ఊళ్లలో ఉండి, ఏ పని జరగకపోయినా ఎవరో ఒకరు అడ్డం పడుతున్నారనే అనుకుంటాం. అడ్డం పడుతున్న మనిషికి ఒక్కోసారి మనకంటే ఎక్కువ తెలుసు. దీవులకు వెళ్లే ఆలోచన ఉంటే ముందు గాలి, తర్వాత తాబేలు, ఆ తర్వాతే మీ సెలవు చూసుకోండి. నవంబరు నుంచి మార్చి లోపల వెళ్లండి, చేతిలో రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, పడవ నడిపే మనిషిని "తీసుకెళతావా?" అని అడగకండి. డబ్బిచ్చేవాళ్లు అలా అడిగితే కాదనడం అతనికి కష్టం. "ఈ నీళ్లలో నీ పిల్లల్ని ఎక్కిస్తావా?" అని అడగండి.