రెండూ ఎడమ చేతులే

ఇంట్లో అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు. ఆమె డాక్టరూ కాదు, కాబోయేదీ కాదు. చదివేది న్యూరోసైన్స్ డిగ్రీ, రెండో సంవత్సరం. అదేం చదువని బాబాయి అడిగితే మెదడు గురించి అని చెప్పింది. "మన వంశంలో ఎవరికీ లేని వస్తువు నీకెందుకమ్మా?" అన్నాడాయన. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కానీ ఆ చదువే ఎందుకు పట్టుకుందో ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. చివరి రోజుల్లో అమ్మమ్మ కన్నకూతుర్నే పట్టుకుని "మీరెవరి తాలూకండీ?" అని అడిగేది. తిట్టినా ఓర్చుకునేవాళ్ళేమో గానీ ఆ మర్యాద మాత్రం గుండెల్లో గుచ్చుకుపోయింది.

కాలేజీలో మొదటిసారి స్టీలు పళ్ళెంలో మెదడును చేతికిచ్చినప్పుడు, పక్కవాళ్ళు అది పాడవకుండా వేసిన మందు వాసనకు ముక్కులు మూసుకున్నారు. ఆమె మాత్రం ఆ మడతల్లో ఎక్కడో ఒక కూతురి పేరు ఉండి ఉంటుందనుకుంది. చిటికెన వేలంత ముక్కను చూపించి, కొత్త జ్ఞాపకాలు ముందు చేరే చోటు ఇదేనన్నారు మేడమ్. ఆవిడే ఒక మాట గట్టిగా చెప్పారు కూడా. "చదివిన జబ్బులన్నీ ఇంట్లోవాళ్ళలో కనిపిస్తాయి మీకు. ఈ జ్ఞాపకశక్తి పరీక్షలు మీలో మీరు చేసుకోండి. ఇంటికి మాత్రం పట్టుకెళ్ళకండి."

అనుమానం పెనుభూతం అంటారు. ఈ చదువు ఆ భూతానికి పేర్లు కూడా పెట్టి ఇంటికి పంపింది. బాబాయి చేతిలో కప్పు వణికితే ఒక పేరు, పక్కింటావిడ అడుగు తడబడితే ఇంకో పేరు. అమ్మ తనను పిలవబోయి పిన్నినీ, పిన్ని కూతుర్నీ పిలిచి ఆఖరికి తన పేరు పట్టుకునేది. లోకంలో ఏ అమ్మయినా అంతే కదా. అయినా ఆ పిలుపు విన్నప్పుడల్లా అమ్మమ్మే గదిలోకి వచ్చి కూర్చున్నట్టుండేది.

అమ్మ కుట్టుపనిలో చెయ్యి తిరిగిన మనిషి. ముందుగదిలో మిషను పెట్టుకుని కూతుర్ని చదివిస్తోంది. అలాంటి అమ్మ ఒకరోజు ఎవరో కుట్టమని ఇచ్చిన చొక్కాకు రెండూ ఎడమ చేతులే కత్తిరించింది. "ఆయనది ఎడమచేతి వాటమేమోలే వదినా" అన్నాడు బాబాయి. అమ్మ పడీపడీ నవ్వింది. డాక్టరమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి.

బాబాయి వెళ్ళగానే మేడమ్ మాట గాలికొదిలేసింది. "ప్రాక్టికల్ ఉందమ్మా, కాస్త సాయం చెయ్యి" అని అబద్ధమాడి అయిదు మాటలు చెప్పింది. తాళం, నది, మేక, గొడుగు, అద్దం. అమ్మ రెండుసార్లు తప్పులేకుండా అప్పజెప్పింది. తర్వాత ఒక కాలరు కుట్టడం అయ్యేదాకా ఆగి, ఆ మాటలేవో చెప్పమంది.

"ఆ మాత్రం గుర్తుండదా ఏంటి?" అంది అమ్మ తల ఎత్తకుండానే. "దువ్వెన, రైలు, ఉప్పు, కిటికీ, కోడి."

అవి ఇలాంటి జ్ఞాపకశక్తి పరీక్ష చేయడం నేర్చుకుంటూ పోయిన ఏడాది డాక్టరమ్మ ఇల్లంతా తిరుగుతూ బట్టీపట్టిన మాటలు. అమ్మ మిషను తొక్కుతూ విని, వరసతో సహా గుర్తుపెట్టుకుంది. ఇప్పుడు చెప్పినవాటిలో ఒక్కటీ మిగల్లేదు. ఒక్క పరీక్షతో ఏదీ తేలదని డాక్టరమ్మ చదివింది. పాతది నిలిచి కొత్తది అంటకపోవడం అంటే ఏమిటో కూడా చదివింది.

"అన్నీ చెప్పానా?" అని అడిగింది అమ్మ.

"అన్నీ సరిగ్గా చెప్పావమ్మా."

అమ్మ మిషను ఆపింది. కూతురి మొహం వైపు చూసింది.

"మా అమ్మకి నేనూ అలాగే చెప్పేదాన్ని" అంది. తర్వాత ఒళ్ళో ఉన్న బట్టను మడిచి పక్కన పెట్టింది. "డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు. అక్కడ మాత్రం అబద్ధం చెప్పకు."