అరవై నిమిషాల్లో పన్నెండు పాటలు

పాటల టీచరును బడిలోంచి తీసేసింది ఒక క్యాసెట్. కాగితం మీద సంతకం హెడ్మాస్టరుదే, కాని పని క్యాసెట్‌ది.

బడి వార్షికోత్సవం. ఆరుగురు ఆడపిల్లలు 'ఆఖరి బస్సు' పాటకి డాన్సు చెయ్యాలి. పాట లౌడ్‌స్పీకర్లో వస్తుంది, మధ్యలో వాయిద్యం ముక్క వచ్చినప్పుడు టీచరు హార్మోనియం కలపాలి. ఆ ఆలోచన హెడ్మాస్టరుదే. టేప్ రికార్డరు అద్దెది, ఆ రోజే వచ్చింది, అందుకని సాధకం అంతా ఉత్త హార్మోనియంతోనే జరిగింది. టీచరుకి అదేం ఇబ్బంది అనిపించలేదు. ఆ పాట రేడియోలో వందసార్లు విని, నోటుబుక్కులో రాసుకుని, మొదటి మెట్టుకి గుర్తుగా పక్కన 'ఒకటి శ్రుతి' అని వేసుకుంది.

వాయిద్యం ముక్క వచ్చింది. టీచరు మెట్టు నొక్కింది. పాట ఒక దారి, హార్మోనియం ఒక దారి. ముందు వరసలో పసిపిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. టీచరు పక్క మెట్టుకి జరుగుదామని చూసింది గాని, ఒక చోట అలవాటు పడ్డ వేళ్ళు ఇంకో చోట నిలవలేదు. హాలంతా నవ్వింది. డాన్సు ఆడే పిల్లలు కూడా నవ్వారు.

"హార్మోనియం సరిగ్గానే ఉందండీ, పాటే ఎక్కడో..." అందావిడ, తెర వెనక.

"ఆడలేక మద్దెల ఓడన్నారు పూర్వం. మీరు పాటే ఓడంటున్నారు, మెచ్చుకోవాలి టీచరుగారూ" అన్నాడు హెడ్మాస్టరు.

సెలవుల తర్వాత బడికి సొంత టేప్ రికార్డరు వచ్చింది. పాటల పీరియడుకి అది చాలన్నారు.

అప్పుడావిడకి ముప్పై రెండేళ్ళు. చెల్లెలి ఇంట్లో ముందుగదిలో ఉండేది. ఇంటి దగ్గర పాఠాలు చెప్పుకుందామనుకుంది. వచ్చిన ప్రతి తల్లీ ముందు క్యాసెట్ పెట్టి, తర్వాత హార్మోనియం వాయించమనేది. రెండూ కలిసేవి కావు. తల్లి లేచి పిల్ల చెయ్యి పట్టుకునేది. నెల తిరిగేసరికి ఆవిడ పేరు అరశ్రుతి టీచరయింది.

ఆ క్యాసెట్ లేని ఇల్లు లేదు. ఇప్పటికీ స్టేజీ దిగని ఒక పాప్ గాయని మంచి వయసులో ఉన్న పదేళ్ళలో పాడిన పాటల్లో పన్నెండు మేటివి ఏరి, బస్టాండు ఎదురుగా రికార్డింగు కొట్టువాడు ఖాళీ క్యాసెట్ల మీద ఎక్కించి అమ్మేవాడు. వాణ్ణి అందరూ టేపు అనేవారు. ఆఖరి బస్సు, అద్దం పాట, తాళంచెవి పాట, అన్నీ అందులోనే. మంగలి షాపులో అదే, బస్సుల్లో అదే. ఊరు ఆ పాటల్ని కంపెనీ రికార్డుల్లో వినలేదు, టేపు క్యాసెట్లోనే వింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అయినప్పుడు ఉలిపికట్టె ఏం చేస్తుంది? తన్ను తాను అనుమానిస్తుంది. టీచరు ముందు చెవుల్ని అనుమానించింది. చెవుల డాక్టరు ఏ లోపమూ లేదంటే డాక్టర్ని అనుమానించింది. ఆ తర్వాత హార్మోనియాన్ని మోసుకుని రిపేరు తాత దగ్గరికి వెళ్ళింది.

తాత శ్రుతి సరిచూసే రెండు కొమ్ముల ఇనప చువ్వని మోకాటి మీద కొట్టి, హార్మోనియం పక్కన పెట్టి విన్నాడు.

"ఇదీ అదీ ఒకటే పలుకుతున్నాయి తల్లీ. నీ పెట్టెకేం రోగం లేదు."

"ఈ చువ్వ ఎప్పుడైనా కింద పడిందా తాతా?"

"చేతిలో వస్తువు పడదా? ఒకసారి సిమెంటు గచ్చు మీద పడింది."

ఆవిడకి ఆ మాట చాలు. సంచిలోంచి క్యాసెట్ తీసి ఇచ్చింది. "దీనికి కలిసేలా గీయండి."

తాత ఆవిడ మొహంలోకి చూశాడు. "లోపలి ఇత్తడి రీడు గీస్తే శ్రుతి పైకి పోతుంది. మళ్ళీ కిందికి దింపాలని గీస్తే రీడు చచ్చిపోతుంది. బాగా ఆలోచించుకో."

"ఊరంతా విన్న పాట తప్పవుతుందా తాతా?"

మూడు రోజులు కూర్చుని ఒక్కో రీడూ ఆకురాయితో గీశాడు. ఇప్పుడు హార్మోనియం, క్యాసెట్ పాలూ నీళ్ళలా కలిశాయి. కాని అప్పటికి తల్లులు ఇంకోచోట పిల్లల్ని చేర్చేశారు, పేరు మాత్రం పోలేదు. ఆవిడ రేడియో వినడం మానేసింది. రెడీమేడ్ బట్టల కొట్లో గుండీలు కుట్టే పనిలో చేరి ఇరవై ఆరేళ్ళు చేసింది. కుట్టిన ప్రతి గుండీనీ మూడుసార్లు లాగి చూసేది. టైము ఎంతయిందో ముగ్గుర్ని అడిగేది. ముగ్గురూ ఒకటే చెబితే, కూడబలుక్కున్నారేమోనని ఇంకొకర్ని అడిగేది.

"పెద్దమ్మా, దేవుడే వచ్చి నేను దేవుణ్ణన్నా నువ్వు సాక్షిని తెమ్మంటావు" అనేది చెల్లెలి కూతురు.

"తెస్తే ఆయన సొమ్మేం పోతుంది?" అనేది ఆవిడ.

ఈ ఏడాది కంపెనీవాళ్ళు ఆ పదేళ్ళ మేటి పాటల్ని శుభ్రం చేసి విడుదల చేశారు. చెల్లెలి కూతురు ఫోన్లో పెట్టింది. ఊరు ముక్కు విరిచింది. మంగలి షాపులో తీర్పు కూడా అయిపోయింది: గాయని గొంతు ముసలిదైపోయింది, మళ్ళీ పాడించి పాతవని చెవిలో పువ్వులు పెడుతున్నారు. లేకపోతే పాట ఇంత నీరసంగా ఎందుకుంటుంది?

టీచరు హార్మోనియం ముందు కూర్చుని 'ఆఖరి బస్సు' మళ్ళీ పెట్టమంది. మొదటి మెట్టు నొక్కింది. పాట దానికంటే అర శ్రుతి కిందుంది. అంటే, తాత గీయకముందు ఆ మెట్టు ఎక్కడ పలికేదో సరిగ్గా అక్కడ. ట్రంకుపెట్టె అడుగునుంచి నోటుబుక్కు తీసింది. 'ఒకటి శ్రుతి.'

"ఈ పాట ఎంతసేపుంది?"

"ఐదు నిమిషాల పద్దెనిమిది సెకన్లు. ఇదిగో, ఇక్కడే రాసుంది పెద్దమ్మా."

పాత క్యాసెట్ పెట్టి గోడ గడియారం చూసింది. సరిగ్గా ఐదు నిమిషాలు. గడియారాన్ని నమ్మక చెల్లెలి చేతి వాచీతో చూసింది. ఐదే. ఒక్క మాట పోలేదు, ఒక్క చరణం తగ్గలేదు, పద్దెనిమిది సెకన్లు మాయం.

మర్నాడు పొద్దున్నే బస్టాండుకి వెళ్ళింది. టేపు ఇప్పుడు ఫోన్ల కవర్లు, ఛార్జర్లు అమ్ముతున్నాడు. తల నెరిసింది.

"కొత్త పాటలు విన్నావా?" అంది.

"వినకేం టీచరుగారూ. అంతా మోసం. ముసలి గొంతుతో మళ్ళీ..."

"నీ క్యాసెట్లో పద్దెనిమిది సెకన్లు తక్కువున్నాయి."

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు. టేపు ఛార్జర్లు తడుముకున్నాడు. ఉన్నవాటినే తీసి, ఉన్నచోటే పెట్టాడు.

"పన్నెండు పాటలు కలిపితే అరవై మూడు నిమిషాలు దాటేది" అన్నాడు చివరికి. "క్యాసెట్ అరవయ్యే. పదకొండే ఎక్కిస్తే జనం ఊరుకోలేదు. అసలు పాట పెట్టే టేప్ డెక్కు వెనక మోటారులో చిన్న స్క్రూ ఉంటుంది. కొంచెం తిప్పితే పాట వడివడిగా నడుస్తుంది, పన్నెండూ పడతాయి. శ్రుతి లేచి గొంతు కూడా పడుచుగా వచ్చేది. అందరూ నా క్యాసెట్టే బావుందనేవారు."

"వార్షికోత్సవం రోజు యాంప్లిఫయరు దగ్గర కూర్చున్నది నువ్వే."

"నేనే."

"అప్పుడే తెలిసిందా?"

"మీరు మొదటి మెట్టు నొక్కగానే తెలిసింది."

"నవ్వావా?"

టేపు తల దించుకున్నాడు. "అందరితో పాటే."

ఆవిడ అతని చేత షట్టరు వేయించి, హెడ్మాస్టరు ఇంటికి తీసుకెళ్ళింది. ముసలాయన వరండాలో పేపరు చదువుతున్నాడు. టేపు స్క్రూ సంగతి, నిమిషాల సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆయన పేపరు మడిచి, ఇద్దర్నీ కళ్ళజోడు పైనుంచి చూశాడు.

"ఇన్నేళ్ళకి ఇద్దరూ బాగానే మాట్లాడుకుని వచ్చారమ్మా. నేనేం సంతకం పెట్టాలి?"

"సంతకం అక్కర్లేదు. నా చెవి మంచిదేనని ఒక్క మాట అనండి చాలు."

"చెవి మంచిదైతే అప్పుడే చెప్పేదానివిగా?"

"చెప్పాను. మద్దెల ఓడన్నారు."

ఆయన పేపరు మళ్ళీ విప్పాడు. లోపలినుంచి కాఫీ గ్లాసుల చప్పుడు వినిపించింది గాని, ఎవరూ బయటికి తేలేదు. మెట్లు దిగుతుంటే టేపు ఏడుస్తున్నాడు. టీచరు ఏడవలేదు. ఇది కూడా నాటకమేమోనని అతని కళ్ళలోకి ఒకసారి తేరిపార చూసింది.

వాళ్ళిద్దరూ ఆఖరిసారి కలుసుకున్నది ఆ తర్వాతి వారం. టేపు అటక మీది పాత డెక్కు దింపి, దుమ్ము దులిపి, సన్నటి స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని ఆవిడ ముందుగది గుమ్మంలో నిలబడ్డాడు. స్క్రూ వెనక్కి తిప్పి, పన్నెండు పాటలూ సరైన వేగంతో మళ్ళీ ఎక్కించి ఇస్తానన్నాడు. తొంభై నిమిషాల క్యాసెట్ కూడా వెతికి తెచ్చాడు. హార్మోనియం గోడవారన మూత తీసి ఉంది. పొద్దుటినుంచి ఆవిడ దాంతో ఫోన్లోని పాటని కలపాలని చూస్తూనే ఉంది, అది కలవడం లేదు.

ఆవిడ ముందు డెక్కు చూసింది, తర్వాత స్క్రూడ్రైవరు చూసింది.

"వద్దు. ఆ స్క్రూ ముట్టుకోకు" అంది. "ఆ డెక్కు ఇక్కడ పెట్టి వెళ్ళు. నా పెట్టెకి లోకంలో కలిసేది నీ దొంగ వేగం ఒక్కటే."