ఆ మూడు చుక్కల్లో ఉన్న మాట

చినవాల్తేరులో, యూనివర్సిటీకి పోయే రోడ్డు పక్కన జాన్‌బాబు టైపు షాపు ఉండేది. మూడు మిషన్లు, ఒక సైక్లోస్టైల్ యంత్రం, గోడకి చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండరు. కిటికీ పక్క మిషను జయశీలది. తండ్రి దేవకుమార్‌కి పక్షవాతం వచ్చి పోర్టు ఉద్యోగం మానేశాక ఆమె చదువు పి.యు.సి.తో ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ళ వయసులో, డెబ్భై ఒకటిలో, ఆ మిషను ముందు కూర్చుంది.

మిగతా ఇద్దరు టైపిస్టులు అక్షరాలు చూసి కొట్టేవారు. జయశీల వాక్యం చదివి కొట్టేది. అర్థం తెలిస్తే వేళ్ళు తడబడవని ఆమె నమ్మకం. ఆ అలవాటు వల్ల, ఎవరూ నేర్పకుండానే, ఆమెకి ఒక విద్య అబ్బింది. థీసిస్ ఎలా కడతారో తెలిసింది. ముందు పాతవాళ్ళు ఏమన్నారో చెబుతారు. వాళ్ళు చూడనిది ఫలానా అంటారు. తర్వాత తాము చూసింది చెబుతారు. ఎవరు చెప్పారో, ఎక్కడ రాశారో పేజీ అడుగున చిన్న అంకె వేసి ఫుట్‌నోటులో చూపిస్తారు. నమ్మకపోతే వెళ్ళి చూసుకో అని చదివేవాడికి దారి చూపించడమే ఆ అంకె పని.

ఆ పని ఎంత నిజాయితీగా చెయ్యొచ్చో ఆమెకి చూపించింది తాయారు అనే రీసెర్చి స్కాలరు. యారాడ జాలరి కుటుంబాల మీద రాసిందావిడ. ఒకచోట, ‘ఈ సంగతి నాకు నలుగురే చెప్పారు, ఊరంతటికీ ఇది వర్తిస్తుందని నేను అనలేను’ అని ఉంది. మరోచోట, ‘దీని గురించి నా మొదటి అంచనా తప్పు’ అని రాసుకుంది. పెద్ద చదువు చదివినవాళ్ళు తమ తప్పుని తామే ఒప్పుకుని, దాన్ని నాలుగు కాపీలు టైపు చేయించుకుంటారని జయశీల ఎప్పుడూ అనుకోలేదు. ఆ పేజీని ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా కొట్టింది.

డెబ్భై తొమ్మిదిలో సన్యాసిరాజు అనే కుర్ర లెక్చరరు షాపుకి వచ్చాడు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చి కాలనీలకి తరలిపోయిన నిర్వాసితుల మీద, ఉద్యోగాల కోసమని వాళ్ళకి పెట్టిన శిక్షణ కేంద్రం మీద సెమినారు పేపరు రాశాడు. దాంతోపాటు, అనుబంధంగా వేద్దామని, పదకొండు మందితో మాట్లాడిన నోట్సు కూడా జయశీలకి టైపుకి ఇచ్చాడు. వాళ్ళ మాటలు వాళ్ళ యాసలోనే, ముత్యాల్లాంటి చేతిరాతతో రాసుకున్నాడు. రెండు రోజుల తర్వాత వచ్చి, “అనుబంధం వద్దులెండి, పేపరు పొడుగైపోయింది” అన్నాడు. టైపయిన ఆ ఏడు పేజీల కార్బన్ కాపీ షాపులో కట్టలోనే ఉండిపోయింది. పనిచేసిన ప్రతిదానికీ ఒక కాపీ ఉంచడం జాన్‌బాబు పద్ధతి. పోగొట్టుకున్నామని ఏడుస్తూ వచ్చేవాళ్ళు అంతమంది ఉండేవారు.

ఎనభై ఒకటిలో ఆ శిక్షణ కేంద్రం గురించి ఒక ప్రభుత్వ కార్యాలయం కోసం తయారైన నివేదిక టైపుకి వచ్చింది. అది కూడా జయశీలే కొట్టింది. ఎనభై నాలుగు వేసవిలో సన్యాసిరాజు థీసిస్ పట్టుకొచ్చాడు. నాలుగో అధ్యాయం నూట పన్నెండో పేజీలో ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

అక్కడి ఇంగ్లీషు వాక్యాలకి తెలుగు ఇదీ: ‘నిర్వాసితులకు సాధారణంగా శిక్షణ మీద ఆసక్తి లేదని గమనించబడింది. ప్రభుత్వ నివేదిక సైతం దీనిని ధ్రువీకరిస్తున్నది. ఒక మహిళ మాటల్లో: “... మేము వెళ్ళలేదు.”’ పక్కన నలభై ఒకటో అంకె. ఆ వెంటనే, ‘కాబట్టి అలాంటి శిక్షణకి పెట్టే ఖర్చు వృథా’ అని ఉంది.

గమనించబడింది సరే, గమనించిందెవరు? నలభై ఒకటో ఫుట్‌నోటు చూస్తే ఆ ప్రభుత్వ నివేదిక పేరుంది. ఆ నివేదిక తన చేత్తో కొట్టిందే కదా. లేచి వెళ్ళి కట్ట విప్పింది. అందులో, ‘చాలామందికి ఆసక్తి లేదు’ అని ఉంది. దాని కింద ఫుట్‌నోటు సన్యాసిరాజు సెమినారు పేపరుని చూపించింది. పేపరు తీసింది. అందులో, ‘మాట్లాడిన పదకొండు మందిలో కొందరికి ఆసక్తి లేదు’ అని ఉంది. రెండింట్లోనూ ఆ మాట కింద అవే మూడు చుక్కలు, అదే ‘మేము వెళ్ళలేదు’.

జయశీల మూడు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుంది. కొందరు రెండేళ్ళలో చాలామంది అయ్యారు. చాలామంది మూడేళ్ళలో అందరూ అయ్యారు. మధ్యలో ఎవరూ కాలనీకి వెళ్ళలేదు, కొత్తగా ఒక్కరినీ అడగలేదు. తన మాటని ప్రభుత్వం నోట పలికించి, ప్రభుత్వమే ఒప్పుకుంది చూడండి అంటున్నాడు. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు కనిపిస్తోంది గాని ఉన్నది ఒకటే ఇటుక.

ఆ ఒక్క ఇటుకా ఎలాంటిదో చూద్దామని పాత అనుబంధం తీసింది. ఆరో పేరు సన్యాసమ్మ. శిక్షణ గురించి ఆమె చెప్పింది ఇలా ఉంది: ‘మూడు రోజులెల్లినాం. పదో తరగతి కాయితం నేదని గేటుకాడే పంపీసినారు. మరేటెల్తాం? మేం ఎల్నేదు.’

థీసిస్‌లో చివరి రెండు మాటలే మిగిలాయి. ముందున్నదంతా పోయి మూడు చుక్కలు వచ్చాయి.

ఆ చుక్కలు మూడుసార్లూ కొట్టింది తనే. పేపరులో ఒకసారి, నివేదికలో ఒకసారి, ఇప్పుడు ఇంకోసారి. తన వేలితోనే ఆ మనిషి నోరు మూయించారనిపించింది.

మర్నాడు సన్యాసిరాజు రాగానే కార్బన్ కాపీ అతని ముందు పెట్టింది.

“సార్, సన్యాసమ్మ గారు చెప్పిన మాట పూర్తిగా కొట్టమంటారా?”

అతను చూసి నవ్వాడు. “అక్కర్లేదమ్మా. ఎలిప్సిస్ అంటారు దాన్ని. అవసరం లేని భాగం తీసేసి చుక్కలు పెట్టొచ్చు. పరిశోధనలో అందరూ పాటించే పద్ధతే.”

“అవసరం లేని భాగం తీసేస్తే పద్ధతే సార్. మీరు కారణం తీసేశారు. వాళ్ళు వెళ్ళారు. వెనక్కి పంపేశారు. మీ పేజీ చదివితే అసలు వెళ్ళనే లేదని అర్థమవుతుంది.”

“చూడండి, టైపు మీ పని. అర్థం నా పని.”

“మరి ఈ నివేదికో? అది మీ పేపరు చూసి రాసిందే కదా. దాన్నే మీకు సాక్ష్యంగా...”

అతని మొహం మాడిపోయింది. “జాన్‌బాబు గారూ!” అని కేకేశాడు. “మీ దగ్గర టైపిస్టులు థీసిస్‌లు దిద్దుతారని నాకు తెలీదండీ.” కార్బన్ కాపీ బల్ల మీదే వదిలేసి, తన థీసిస్ కాగితాలు లాక్కుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే అతని డిపార్టుమెంటు పని మొత్తం వేరే షాపుకి పోయింది.

జాన్‌బాబు తల పట్టుకున్నాడు. “ఏటి సీలమ్మా, యూనివర్సిటీ వోళ్ళతోటి మనకి గొడవేటి? ఆల్లు రాసిందేదో రాసుకుంటారు, మనం కొట్టిత్తాం. అంతే కదా!”

“అన్నయ్యా, రేపు ఎవరైనా మీ మాటలో సగం కోసేసి మీరే అన్నారని అచ్చేస్తే ఊరుకుంటారా?”

“ఊరుకోను గానీ...” అని అతను ఆగిపోయాడు. ఆమెని పనిలోంచి తియ్యలేదు. నాలుగు రోజులు మాత్రం మాట్లాడలేదు.

ఆదివారం ఆరాధన కాగానే జయశీల గాజువాక బస్సెక్కింది. అక్కడ దిగి ఎర్రమట్టి రోడ్డు మీద రెండు మైళ్ళు నడిచి, దారి అడుగుతూ అడుగుతూ కాలనీ చేరింది. సన్యాసమ్మ రేకుల ఇంటి ముందు గోంగూర కట్టలు కడుతోంది. నలభై అయిదేళ్ళుంటాయి. పక్కన నులకమంచం మీద భర్త నీలకంఠం కూర్చుని ఉన్నాడు. జయశీల తానెవరో చెప్పి, కాగితం తీసి, పూర్తి మాటా చదివింది.

“ఔను పాపా, నానే సెప్పినాను. కళ్ళజోడెట్టుకున్న బాబొకడొచ్చినాడు. మా బాగా విన్నాడు. నీల్లు కూడా తాగినాడు.”

తర్వాత జయశీల థీసిస్‌లోంచి తాను ఎత్తి రాసుకున్న ముక్కని తెలుగులో చదివింది. సన్యాసమ్మ చేతిలో కట్ట అలాగే ఉండిపోయింది.

“అదేటి? మిగతాదేదీ?”

“తీసేశారు పిన్నీ. ఆ చోట మూడు చుక్కలు పెట్టారు.”

“నా మాట తీసేయడానికి ఆడెవుడు?” సన్యాసమ్మ లేచి నిలబడింది. “మూడు రోజులు ఈ మనిసి సద్దిమూట కట్టుకుని ఎల్లినాడు. ఎండలో గేటుకాడ నిలబడ్డాడు. భూమిచ్చినప్పుడు ఏలుముద్ర సాలింది. పనికాడికొచ్చేసరికి పదో తరగతి కాయితం కావాలంతన్నారు. అది సెప్పుకున్నాం. సెప్పింది కూడా మింగేసినారా? ఇప్పుడు మాకు పని సెయ్యడం ఇష్టం నేదని రాత్తారా?”

నీలకంఠం మంచం మీంచి ముందుకి వంగాడు. అప్పుడు నెమ్మదిగా అన్నాడు. “అందుకేనేటి, ఆ ట్రైనింగు మూసేసినారు? అడిగితే, మీకే అక్కర్నేదంట కదా, అన్నాడు గుమస్తా.”

జయశీలకి అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. నివేదిక వెళ్ళిన ఏడాదికే కేంద్రం మూతపడింది. తాను కాగితాల మీది అన్యాయమనుకున్నది రెండేళ్ళ కిందటే ఈ గుమ్మంలోకి వచ్చి కూర్చుంది.

నవంబరులో సన్యాసిరాజు మౌఖిక పరీక్ష నోటీసు డిపార్టుమెంటు బోర్డు మీద అంటించారు. అందరూ రావచ్చని అందులో ఉంది. సాధారణంగా స్నేహితులూ విద్యార్థులూ వచ్చి కూర్చుని టీ తాగి పోతారు. ఆ రోజు వెనక బెంచీలో జయశీల, ఆమె పక్కన ఉతికిన నేత చీరలో సన్యాసమ్మ కూర్చున్నారు. పరీక్షకుడు వేరే ఊరి నుంచి వచ్చిన తెలుగు పెద్దాయన. గంటసేపు సాగింది. చివర ఆనవాయితీగా, “సభలో ఎవరైనా ఏమైనా అడుగుతారా?” అన్నాడు.

జయశీల లేచింది.

“అయ్యా, నూట పన్నెండో పేజీలో నలభై ఒకటో ఫుట్‌నోటు ఒక నివేదికని చూపిస్తోంది. ఆ నివేదికకి ఆధారం ఏమిటండీ?”

“మీరు ఏ డిపార్టుమెంటు?” అన్నాడు సన్యాసిరాజు.

“నేను టైపిస్టుని. ఆ నివేదికా, దానికి ముందు ఈయన సెమినారు పేపరూ నేనే కొట్టాను.”

ముందు వరసలో ఎవరో నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. పేజీ తీశాడు. “ఏం, ఆధారం ఏమిటి?” అని సన్యాసిరాజునే అడిగాడు. అతను అటూ ఇటూ తిప్పి, ఆఖరికి, “నా పైలట్ స్టడీ సార్, ముందు రాసిన సెమినారు పేపరు” అన్నాడు.

“అంటే మీకు మీరే సాక్షి.”

జయశీల అనుబంధం కాపీ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. ఆరో పేరు మీద వేలు పెట్టింది. పెద్దాయన చదివాడు, మళ్ళీ థీసిస్ చదివాడు, మళ్ళీ కాపీ చదివాడు.

“ఈ సన్యాసమ్మ గారు...”

“నానే బాబూ,” అంది సన్యాసమ్మ వెనకనుంచి. “ఎల్లినాం. మూడు రోజులెల్లినాం. ఎల్నేదని ఎలా రాత్తారు?”

డిపార్టుమెంటు పెద్ద లేచి, “దయచేసి కూర్చోండమ్మా, ఇది ఆ వేదిక కాదు” అన్నాడు.

“మరే ఏదిక బాబూ? మా ఇంటికొచ్చి రాసుకున్నప్పుడు ఈ మాట సెప్పనేదు.”

ఆ రోజు డిగ్రీ ఇవ్వలేదు. నాలుగో అధ్యాయం తిరగరాయమని ఆరు నెలలు గడువిచ్చారు. అంతే. ఎనభై అయిదు ఆఖరుకి సన్యాసిరాజు డాక్టరేటు అందుకున్నాడు, తర్వాత లెక్చరరు నుంచి రీడరు హోదాకి ఎదిగాడు. మూతపడిన కేంద్రం గురించి అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. యూనివర్సిటీలో తప్పంటే ఒక అధ్యాయం దిద్దుకోవడమే. కాలనీలో అదే తప్పుకి ఎంతమంది ఎన్నేళ్ళు ఖాళీగా కూర్చున్నారో ఏ పేజీలోనూ లేదు.

బైండు చేసిన థీసిస్ లైబ్రరీకి వచ్చిందని తెలిసి జయశీల సన్యాసమ్మని తీసుకెళ్ళింది. నూట పదిహేనో పేజీలో ఆమె మాట మొత్తం ఉంది. చుక్కలు లేవు. జయశీల గొంతు తగ్గించి తెలుగులో చదివి వినిపించింది. సన్యాసమ్మ పేజీ మీద చెయ్యి పెట్టింది.

“ఔను, ఇదే సెప్పినాను,” అంది. తర్వాత తలెత్తి, “మరి పనేదీ పాపా?” అంది.

థీసిస్ దిద్దారు గాని నివేదికని ఎవరూ దిద్దలేదు. కార్యాలయం బీరువాలో అది అలాగే ఉంది, చాలామందికి ఆసక్తి లేదని చెబుతూనే ఉంది. జయశీల షాపుకి వెళ్ళి మిషను మీది గుడ్డ తీసి, ఆ కార్యాలయానికి అర్జీ మొదలుపెట్టింది. థీసిస్‌లాగే కట్టింది. నివేదిక ఏమందో ముందు రాసింది. దాని ఆధారం ఏమిటో రాసింది. తర్వాత పదకొండు మంది పేర్లూ, చెప్పిన మాటలూ, ఒక్క ముక్క వదలకుండా పెట్టింది. ఆ మాటలు అక్షరం మార్చకుండా కొట్టింది. మిగిలిన చోట ఎవరు పంపేశారో, ఎవరు మూసేశారో, ప్రతి వాక్యంలోనూ చేసినవాడు కనిపించేలా చూసుకుంది. జాన్‌బాబు వెనక నిలబడి చదివి, వెళ్ళి కొత్త రిబ్బను తెచ్చిచ్చాడు.

జయశీలా కాలనీ వాళ్ళూ కలిసి అర్జీ మీద అర్జీ, ఏడు పెట్టారు. ఏడోదానికి, ఎనభై ఏడులో, పదో తరగతి నిబంధన సడలించి ఒక్క బ్యాచికి శిక్షణ ఇచ్చారు. కాలనీ నుంచి పంతొమ్మిది మంది చేరారు. నీలకంఠం మళ్ళీ సద్దిమూట కట్టుకుని వెళ్ళాడు. వయసు దాటిపోయిందని పంపేశారు.

ఆ సంగతి చెప్పడానికి సన్యాసమ్మ గోంగూర గంపతోనే షాపుకి వచ్చింది. జయశీల విన్నది. కార్బను మార్చి, కొత్త కాగితం ఎక్కించింది.

“ఏ తారీఖున వెళ్ళాడు పిన్నీ? గేటు దగ్గర ఎవరున్నారు? ఏమన్నారో అంతా చెప్పు.”