అత్త పక్క కుర్చీ

ముందే ఒప్పేసుకుంటాను. ఆ శనివారం బరువు తగ్గించే సంఘంలో కాటా తప్పు చూపించిందంటే ఆ పాపం నాదే. కాటాలు బాగుచేయడం నా పని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, విప్పగా విప్పగా వచ్చింది. ముందురోజు దాన్ని బాగుచేసి, అందరికీ రెండు కేజీలు ఎక్కువ చూపించేలా తిప్పి వచ్చాను. అక్కడి బక్కపలచని ఆడవాళ్ళని కాస్త ఏడిపిద్దామని. మా అత్త కూడా ఆ కాటాయే ఎక్కుతుందని మాత్రం బుర్రకి తట్టలేదు.

అత్త టైలరు. ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కి తొక్కి కుడి మోకాలు అరగదీసుకుంది. ఇప్పుడు కీచుమనేది మిషనో మోకాలో చెప్పడం కష్టం. డాక్టరు ఒకటే మాటన్నాడు: "ఎనభై అయిదులోపుకి రండమ్మా. సంఘం కార్డు మీద సంతకం తెస్తే ఆపరేషన్‌కి పేరు రాస్తాను." తొంభై మూడు నుంచి అయిదు నెలలు నోరు కట్టుకుంది అత్త.

ఆ సంఘం నడిచేది బేకరీ పైగదిలో. తిండి తగ్గించుకునేవాళ్ళు వేడి బన్నుల వాసన పీల్చుకుంటూ ఇరవై రెండు మెట్లెక్కాలి. అత్త మెట్టుకో తిట్టు తిట్టుకుంటూ ఎక్కేది. తీరా ఎక్కితే, లోపల పదిహేను మందిలో పన్నెండు మంది పుల్లలే. బ్యాంకు క్యాషియరమ్మ తలుపు తీయకుండా సందులోంచి రాగల మనిషి. పళ్ళ డాక్టరమ్మ పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో లాగి పట్టుకుని "ఇంత కొవ్వు ఎలా మోస్తున్నానో" అని నిట్టూర్చేది. అత్త వింటూ పళ్ళు నూరుకునేది. వాళ్ళందరి కొలతలూ ఆవిడ పుస్తకంలో ఉన్నాయి మరి. క్యాషియరమ్మ నడుము ఇరవై నాలుగు. అత్త తొడ ఇరవై ఆరు. అయినా ఆ పుల్లలంతా అత్త పక్క కుర్చీలో ముందే చేతిసంచి పడేసి కాచుకునేవాళ్ళు.

ఆరోజు తమాషా చూద్దామని నేనూ ఓ మూల నిలబడ్డాను. ముందు క్యాషియరమ్మ ఎక్కింది. రెండు కేజీలు పెరిగింది. ఏడుస్తుందని చూస్తుంటే మొహం చాటంతైంది.

"చెప్పానా? లావయ్యానంటే మా ఆయన నమ్మడు. ఇప్పుడేమంటాడో చూస్తాను."

పళ్ళ డాక్టరమ్మ కూడా పెరిగింది. ఇద్దరూ పరీక్ష పాసైనట్టు కావలించుకున్నారు.

తర్వాత అత్త చెప్పులు విప్పి ఎక్కింది. ఎనభై ఆరున్నర. దిగి, మళ్ళీ ఎక్కింది. అదే అంకె. కార్డు పట్టుకున్న చెయ్యి కిందికి జారింది.

"ఏం పర్లేదు ఆంటీ, మేమూ పెరిగాంగా," అంది క్యాషియరమ్మ.

అత్త ఆవిణ్ణి కిందినుంచి పైదాకా చూసి, మెళ్ళో వేలాడుతున్న టేపు తీసింది.

"ఇలా నిలబడు." నడుము చుట్టూ వేసి చూసింది. "మంగళవారం నీ ప్యాంటుకి కొలిచాను. ఇప్పుడూ ఇరవై నాలుగే. రెండు కేజీలు ఎక్కడ దాచావమ్మా, కొప్పులోనా?"

"కాటా కరెక్టే ఆంటీ," అంది పళ్ళ డాక్టరమ్మ గబగబా. మిగతా పుల్లలూ తలలూపారు. వచ్చిన కొవ్వుని వదులుకోవడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు.

అత్త మెట్ల దగ్గరికెళ్ళి, పిండి సంచి ఒకటి తెమ్మని కిందికి కేకేసింది. బేకరీ ఆయన సీలు తీయని అయిదు కేజీల పిండి సంచి తెచ్చి కాటా మీద పెట్టాడు. ఏడు.

సంఘం నడిపే డ్రిల్లు టీచరమ్మ సంచినీ కాటానీ మార్చి మార్చి చూసి, అందరి కార్డుల్లోనూ రెండేసి కేజీలు కొట్టేసింది. అత్త కార్డు మీద ఎనభై నాలుగున్నర అని రాసి సంతకం పెట్టింది. పుల్లలు ఇంట్లో దొంగలు పడ్డట్టు కూర్చున్నారు.

దిగుతూ సగం మెట్ల మీద అత్త ఆగి వెనక్కి చూసింది. వెనకే నేను స్క్రూడ్రైవరు జేబులోకి తోస్తున్నాను.

"వాళ్ళని ఏడిపిద్దామనుకున్నానత్తా."

"వాళ్ళు కాటా కోసం వస్తారనుకున్నావట్రా? నా పక్కన కూర్చుంటే ఇంకా సన్నగా కనబడతారని వస్తారు. ఏడిపించాలంటే వచ్చే వారం నేను మానేస్తే చాలు." రెయిలింగు మీద చెయ్యి మార్చుకుంది. "ఆ కాటా బాగుచేశాక ముందు నీ తలకాయ పెట్టి చూడు. పిండి సంచిలో ఉన్నంత సరుకు కూడా ఉండదు."