కరుణమ్మ మేడమ్ భయం

పై అంతస్తులో ఎవరో ఇనుప బీరువా జరిపారు. ఆ చప్పుడుకు మా వంటగది కిటికీ అద్దం అదిరింది. చేతిలో గరిట వదిలేసి గట్టు పట్టుకుని నిలబడిపోయాను. ఈలోగా చారు పొంగి పొయ్యంతా ఆగమైంది. పొయ్యి ఆర్పాక నవ్వొచ్చింది, కరుణమ్మ మేడమ్ గుర్తొచ్చి.

ఏన్కూరులో మా ఇంట్లో గ్యాస్ సిలిండర్ పేలినప్పుడు నాకు చేతులు కాలాయి. దవాఖానాలో ఆ గాయాలు మానాయి గానీ, పెద్ద చప్పుడు వింటే ఒళ్లంతా వణకడం మాత్రం పోలేదు. అలాంటిదాన్ని పోయి పోయి సత్తుపల్లిలో లెక్కల టీచరుగా చేరాను. అక్కడి బొగ్గు గనిలో మధ్యాహ్నం పూట బ్లాస్టింగ్ చేస్తారని, ముందు సైరన్ మోగుతుందని, ఆ ఊళ్లో ఎవరూ దాన్ని పట్టించుకోరని నాకెవరూ చెప్పలేదు. చేరిన రోజే బడి కిటికీలు దడదడలాడాయి. పిల్లలు తలెత్తకుండా లెక్కలు చేసుకుంటున్నారు. నేను బల్ల కింద ఉన్నాను.

కరుణమ్మ మేడమ్ మా హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ గొంతెత్తితే పక్క వీధి పిల్లలు కూడా చేతులు కట్టుకునేవారు. సాయంత్రం ఆవిడ గదికి వెళ్లి, రేపటి నుంచి రానని చెప్పాను.

"నార్మల్ అయినంక వస్త మేడమ్."

"నార్మల్ అయినంకనే రావాలంటే నేను ఈ బడి మొకమే సూడకపోదును బిడ్డా," అంటూ ఆవిడ బ్యాగు అందుకున్నారు. "సరే గానీ, నన్ను బస్టాండ్ దాకా తోడ్కపో. ఆ మూల మీద కుక్క ఉంటది."

చిన్నప్పుడు ఆవిడను కరిచిన కుక్క ఎన్నడో పోయి ఉంటుంది. భయం మాత్రం గట్టిగానే ఉంది. మూల మీది కుక్క అరుగు కింద గాఢనిద్రలో ఉంది. అయినా మేడమ్ నా చేతికి గోళ్లు దిగేలా పట్టుకుని "ప్రభువా, ప్రభువా" అంటూ నడిచారు. "రండ్రి మేడమ్, అది పండుకుంది," అని టీ కొట్టాయన ధైర్యం చెప్పాడు. వీధంతటికీ తెలుసన్నమాట!

"మీకు సిగ్గనిపించదా మేడమ్?" అని అడిగేశాను.

"ఏంది సిగ్గు? ఇంట్ల దాక్కుంటే కుక్కకేమన్న నష్టమా? బడి పోయేది నాకు. అందుకే అందరికీ చెప్పి పెట్టిన. ఎవరో ఒకరు చెయ్యందిస్తరు."

మర్నాడు నా సంగతి తరగతిలో చెప్పేశాను. నన్ను బల్ల కింద చూసిన పిల్లలే కదా, ఇంక దాచడానికేముంది! సైరన్ మోగగానే వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి అరిచింది.

"మేడమ్, బల్ల పట్టుకోండ్రి!"

తరగతి మొత్తం ఎక్కాలు అందుకుంది, గనిలోవాళ్లకు వినబడేంత గట్టిగా. బ్లాస్టింగ్ అయింది. చేతిలో సుద్దముక్క విరిగింది. బల్ల పట్టుకుని నిలబడే ఉన్నాను. మళ్లీ బోర్డు మీద రాస్తుంటే అదే అమ్మాయి, "మేడమ్, కూడిక తప్పింది," అంది. అంత సంతోషంగా నేను ఏ తప్పూ దిద్దుకోలేదు.

ఆ సాయంత్రం మేడమ్‌ను బస్టాండుకు తీసుకెళ్తూ, ఈ వణుకు ఎప్పటికి పోతుందని అడిగాను.

"పోతే పోతది, లేకుంటే ఉంటది. రేపు ఫస్ట్ పీరియడ్ నీదే. జల్దీ రా."

మేడమ్ ఇప్పుడు లేరు. తలచుకుంటే బెంగగానే ఉంటుంది. నార్మల్ మనుషులు ఎలా ఉంటారో చూద్దామని ఇన్నేళ్లూ వెతికాను, ఒక్కరూ దొరకలేదు. నా వణుకు పోలేదు. రేపు కూడా ఫస్ట్ పీరియడ్ నాదే.